కాటిసీను నుండి కల్వరి వరకు: ‘కరుణామయుడు’ చిత్రమును తొలుత చూచినవారు

ఒక కావ్యము వెలువడిన పిదప దానిపై పండితులు వ్రాసిన వ్యాఖ్యలు నిలుచును. తొలిసారి విన్నవారి నోట వచ్చిన మాట నిలువదు. నాటకము విషయమున ఈ నష్టము పెద్దది. చలనచిత్రము విషయమున మరింత పెద్దది. ఆట ముగిసి వెలుపలికి వచ్చుచు ప్రేక్షకుడు ప్రక్కవానితో అనిన మాట ఇల్లు చేరునప్పటికే సగము మారిపోవును. పత్రికలలో వచ్చు సమీక్ష ఆ మాటకు ప్రతినిధి కాజాలదు. సమీక్షకుడు చిత్రమును తూచును; ప్రేక్షకుడు తూచుటకు ముందే దానిని తాను ఎరిగిన మరియొక కథతో పోల్చుకొనును. ఆ పోలిక ఎక్కడినుండి వచ్చినదో కనుగొన్నచో ఆ ప్రేక్షకుని సాహిత్యసంస్కారము మనకు తెలియును. బైబిలు కథను తెలుగు తెరపై చూచిన మనవారు దానిని ఏ కథతో పోల్చుకొనిరి? 1978లో విడుదలయిన ‘కరుణామయుడు’ను గూర్చి అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే.

ఈ ప్రశ్నకు మన దేశమున ఒక పూర్వకథ కలదు. 1910-11 ప్రాంతమున బొంబాయి నగరమందు క్రీస్తు జీవితమును చూపు మూగచిత్రమొకటి ప్రదర్శితమగుచుండగా ధుండిరాజ్ గోవింద ఫాల్కే దానిని చూచెను. తెరపై క్రీస్తు కథ నడచుచుండగా తన మనోనేత్రమునకు శ్రీకృష్ణుడు, శ్రీరామచంద్రుడు, గోకులము, అయోధ్య కానవచ్చినవని ఆయన 1917లో ‘నవయుగ’ అను మరాఠీ పత్రికలో వ్రాసికొనెను. పిదప భార్యను వెంటబెట్టుకొని వెళ్లి ఆ చిత్రమును మరల చూచెను. ఫాల్కే చూచినది ఒక కథ, కనుగొన్నది వేరొక కథ. దీనిని అన్యమనస్కత యనుట తగదు. తెరపై నున్నదానిని పూర్తిగా నమ్మినందువలననే తెరపై లేనిది ఆయనకు కనబడినది. పరదేశపు కథలోని దేవుడు మనుష్యులనడుమ నడువగలిగినచో మన కథలోని దేవుడేల నడువరాదని ఆయనకు తోచినది.

ఆ తలంపు ఫలితముగా 1913లో వెలువడిన చిత్రము కృష్ణకథయు కాదు, రామకథయు కాదు, ‘రాజా హరిశ్చంద్ర’. నిర్దోషియైన ఒక పురుషుడు మాట కొరకు సర్వస్వము విడిచి, అవమానముల మెట్లు ఒక్కొక్కటిగా దిగి, చివరకు శ్మశానమును చేరు కథ అది. ఫాల్కే ఎన్నికకు కారణములు పెక్కు ఉండవచ్చును. కాని క్రీస్తు శ్రమలను చూచివచ్చిన కన్ను హరిశ్చంద్రుని కథ యొద్ద ఆగుట గమనింపదగిన విషయము. తెలుగు ప్రేక్షకుని యందు ఇదే త్రోవ వెనుకకు తిరిగినది. ఫాల్కే క్రీస్తునుండి హరిశ్చంద్రుని చేరెను. తెలుగువాడు హరిశ్చంద్రునినుండి క్రీస్తును చేరుకొనెను.

దీనిని గ్రహించుటకు తెలుగు ప్రేక్షకుని కన్ను ఎట్లు తయారయినదో చూడవలెను. తెలుగు టాకీ 1932లో ‘భక్త ప్రహ్లాద’తో పుట్టినది. 1957లో ‘మాయాబజారు’, 1963లో ‘లవకుశ’ వచ్చినవి. ఈ ముప్పది యేండ్లలో తెర ప్రేక్షకునకు ఒక విద్య నేర్పినది. దేవుడు ఎదురుగా నిలిచి చూచును. ప్రేక్షకుడు ఆ చూపును తిరిగి చూచును. ఇది కథ వినుట మాత్రమే కాదు, దర్శనము. రామారావుగారి కృష్ణుని వేషము క్యాలెండరు పటమై ఇండ్లలో గోడకెక్కుటకు కారణము ఈ విద్యయే. పాశ్చాత్యదేశములలో ఈ విషయమున ఒక సంకోచము చిరకాలము నిలిచినది. బ్రిటిషు సెన్సారు సంఘము తొలినాళ్లలో పెట్టుకొన్న నియమములలో క్రీస్తును మూర్తిమంతముగా చూపరాదనునది ఒకటి. 1959లో వచ్చిన ‘బెన్‌హర్’ వంటి మహాచిత్రమునందు సైతము క్రీస్తు ముఖము ప్రేక్షకునకు కనబడదు. ఆయనను చూచినవారి ముఖములే కనబడును. ముఖమును దాచుట అక్కడ భక్తి. మన తెరపై ముఖమును చూపుటయే భక్తి. కావున క్రీస్తు తెలుగు తెరపైకి వచ్చినప్పుడు ముఖముతోనే రావలసియుండెను.

‘కరుణామయుడు’ 1978 డిసెంబరులో, క్రిస్మసు దినములలో విడుదలయినది. దర్శకుడు ఎ. భీంసింగ్ అదే సంవత్సరము జనవరిలో మరణించిరి. విడుదలను వారు చూడలేదు. ‘పాశమలర్’ వంటి తమిళచిత్రములతో కుటుంబబంధముల వేదనను చిత్రించుటలో సిద్ధహస్తులనిపించుకొన్నవారాయన. క్రిస్టఫర్ కోయెల్హో అను ఫ్రాన్సిస్కన్ సన్యాసి చిత్రరచనలో పాలుపంచుకొనిరి. క్రీస్తు పాత్రను ధరించిన విజయచందర్ టంగుటూరి ప్రకాశం పంతులుగారి మనుమడు. అనగా కథ క్రైస్తవులది. చెప్పినవారిలో పలువురు తెలుగు, తమిళ చిత్రసీమల పనివారు. చూచినవారిలో అన్ని మతములవారును కలరు. ఇట్టి కలయికనుండి పుట్టిన చిత్రమును మతప్రచారమని ఒకరును, పౌరాణికమని మరియొకరును తేలికగా త్రోసివేయవచ్చును. రెండును పొరపాటే.

ముందుగా పేరును చూడుడు. సువార్తలలో క్రీస్తునకు గల బిరుదములు అభిషిక్తుడు, మనుష్యకుమారుడు, రక్షకుడు మొదలగునవి. చిత్రమునకు పెట్టిన పేరు వానిలోనిది కాదు. ‘కరుణామయుడు’ అనునది మన భక్తికవులు, వాగ్గేయకారులు తమ ఇష్టదైవమును పిలిచిన పిలుపుల కోవలోనిది. రామునకును చెల్లును, వేంకటేశ్వరునకును చెల్లును, బుద్ధునకు మరింత చెల్లును. ఆ పేరు గోడపత్రముపై చదివిన వానికి హాలులో అడుగుపెట్టకముందే ఒక అభయము లభించినది: ఇచ్చట పరాయివాడెవడును లేడు. అనువాదకుడు ఒక పదముతో చేయగల పనిలో ఇది గొప్పది. అయితే అభయము ఇచ్చిన పదమే ఒక నిర్ణయమును కూడ చేసినది. ఈ కథయందు అంగిరసము కరుణయని అది ముందే ప్రకటించినది.

ఇక కథ. నాయకుడు ప్రేక్షకుల ఎదుట మరణించుట సంస్కృతనాటకము అంగీకరింపని విషయము. మన యక్షగానమును, వీధినాటకమును మంగళముతో ముగియును. అట్టి సంప్రదాయమున పెరిగిన ప్రేక్షకునకు, నాయకుని నేరస్థునివలె ఊరేగించి మ్రానుపై మేకులుకొట్టు దృశ్యము ఎట్లు మింగుడుపడినది? దీనికి సమాధానము మన పౌరాణికనాటకరంగమున ఉన్నది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకమును తెలుగుజిల్లాలలో ఆడని ఊరు లేదన్నచో అతిశయోక్తి స్వల్పమే. అందలి కాటిసీను కొరకు జనులు తెల్లవారువరకు మేలుకొనియుండెడివారు. రాజు కాటికాపరియై కన్నకొడుకు శవమునకు సుంకమడుగు దృశ్యమది. ఆ రంగమున నటులు జాషువ మహాకవి శ్మశానపద్యములను చేర్చి పాడుట ఆచారమయినది. నాటకకర్త వ్రాయని ఆ పద్యములను ప్రేక్షకులు కోరి, మరల మరల పాడించుకొనిరి. నిర్దోషియొక్క పతనమును కన్నులార చూచి, కంటతడిపెట్టి, అందులోనే ఒక ఔన్నత్యమును గుర్తించుట తెలుగు ప్రేక్షకుడు ఇచ్చట నేర్చెను. కల్వరిని చూచుటకు వలసిన కన్నీరు వానియందు అప్పటికే సిద్ధముగా నుండెను.

ఆ జాషువ మహాకవియే ‘క్రీస్తుచరిత్ర’ను పద్యకావ్యముగా రచించుట, దానికి 1964లో సాహిత్య అకాడమి పురస్కారము లభించుట మన సాహిత్యచరిత్రలో ప్రసిద్ధమయిన విషయములు. కాటిసీనునందు వినబడిన గొంతే క్రీస్తుకథను చెప్పినది. పద్యమునకు అలవాటుపడిన తెలుగు చెవికి క్రీస్తును దగ్గర చేసినవారిలో జాషువ అగ్రగణ్యుడు. చిత్రము వచ్చుటకు పదునాలుగేండ్ల ముందే ఆ త్రోవ సాహిత్యమున పడియున్నది. ‘కరుణామయుడు’ను గూర్చి మాటలాడువారు సినిమాలనే తలచుకొందురు గాని ఈ కావ్యమును తలచుకొనరు. తలచుకొనుట అవసరము.

చిత్రమునందలి పాటలలో ‘కదిలింది కరుణరథం’ అనునది అన్నిటికంటె ఎక్కువగా జనుల నాలుకపై నిలిచినది. మోదుకూరి జాన్సన్ రచించిరి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడిరి. ఈ పాటలోని ముఖ్యభావన రథము. సువార్తలలో కల్వరి త్రోవయందు రథము లేదు. సిలువను మోయుచు తడబడు ఒక మనిషి మాత్రమే కలడు. రథమన్నంతనే తెలుగువానికి తిరునాళ్లు జ్ఞప్తికి వచ్చును. ఉత్సవమూర్తి వీధిలోనికి వచ్చుట, గుడిలోనికి రాలేనివారికి సైతము దర్శనమిచ్చుట జ్ఞప్తికి వచ్చును. కవి ఒక్క మాటతో దండనయాత్రను రథయాత్రగా మార్చెను. ఇది మూలమునకు విరుద్ధమని అక్షరానువాదకుడు అనవచ్చును. కాని నన్నయాదులు వ్యాసుని తెలిగించిన పద్ధతి అక్షరానువాదము కాదు. మూలములోని అర్థము వినువాని అనుభవములో ఏ చోట నాటుకొనునో ఎరిగి అచ్చట నాటుట వారి పద్ధతి. ఆ దృష్టితో చూచినచో ఈ పాట భాషాంతరీకరణమునకు మంచి ఉదాహరణము. అవమానమే ఊరేగింపుగా కనబడినప్పుడు సువార్తలోని విపర్యయము, అనగా ఓడినవాడే రాజగుట, వ్యాఖ్యానము లేకుండ ప్రేక్షకునకు చేరినది.

ఇంతవరకు చెప్పినది ఒక ప్రేక్షకుని సంగతి. పురాణమునకు అలవడిన కన్నుతో క్రీస్తును చూచి, ఒక క్రొత్త అవతారమునకు నమస్కరించి ఇల్లు చేరినవాడతడు. ఆ హాలులోనే, తరచుగా ముందు బెంచీలలో, రెండవ ప్రేక్షకుడు కూడ ఉన్నాడు. వాని పోలిక వేరు.

1876-78 నాటి మహాక్షామములో ఒంగోలునందలి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున కొంతభాగమును కంట్రాక్టుగా తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. సరిగా నూరేండ్లకు, 1978లో, ‘కరుణామయుడు’ వచ్చినది. నిర్మాతలు ఈ లెక్కను చూచియుండనక్కరలేదు. కాని ఆ నూరేండ్లలో మాలపల్లెల, మాదిగపల్లెల ప్రార్థనామందిరములలో పెరిగిన మూడు నాలుగు తరములవారు ఆ ప్రేక్షకులలో ఉన్నారు. తెలుగు తెరపై దేవుడనగా అంతవరకు కిరీటము, పట్టుపీతాంబరము, రాజసభ. అదే తెరపై, అదే వెలుగులో, అదే గాయకుని గొంతుతో ఒక వడ్రంగి ఇంటి బిడ్డడు దేవుడై నిలిచెను. మొదటి ప్రేక్షకునకు ఇది క్రొత్త దేవుని పరిచయము. రెండవవానికి పాతదేవునకు దొరికిన సమానాసనము. ‘గబ్బిలము’ వ్రాసిన కవిని చదివినవారికి ఈ రెండవ అనుభవము యొక్క బరువు వేరుగా చెప్పనక్కరలేదు.

హరిశ్చంద్రునితో పోలిక చాలనిచోటు కూడ ఇదియే. హరిశ్చంద్రుడు రాజు, కాటికాపరితనము వానికి పతనము, పరీక్ష. పరీక్ష ముగియగానే రాజ్యము తిరిగివచ్చును. కాటికాపరితనము తరతరములుగా కాపరులయినవారికే మిగులును. క్రీస్తు దిగువనుండుట పరీక్ష కాదు. అది ఆయన పుట్టుక, ఆయన ఎన్నిక. పునరుత్థానము పోయిన రాజ్యము తిరిగివచ్చుట కాదు. పురాణమునకు అలవడిన ప్రేక్షకుడు సమాధి తెరచుకొను దృశ్యమును చూచి “కష్టములు గట్టెక్కినవి” అని ఊపిరిపీల్చుకొనుట సహజము. రెండవ ప్రేక్షకుడు అట్లు ఊపిరిపీల్చుకొనలేడు. వాని కష్టములు హాలు వెలుపల అట్లే నిలిచియున్నవి. ఒక చిత్రము ఇట్టి ఇరువురను ఒక కప్పు క్రింద కూర్చుండబెట్టి ఏకకాలమున ఏడ్పించినది. ఆ కన్నీరు ఒకటి కాదను సంగతి మన విమర్శ గుర్తింపవలసియున్నది.

ఆంధ్రదేశము వెలుపలనున్న తెలుగువారి విషయమున ఈ ప్రశ్న మరియొక మలుపు తిరుగును. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతమునకు ఇనుపదారిని తెచ్చినది. ఆ దారివెంట, ఆ కొలువుల వెంట తెలుగు కుటుంబములు తరలివచ్చినవి. 2003నుండి అది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానము. రాజ్‌కిశోర్ నగర్ వంటి పేటలలో నేడు తెలుగింట తాత తెలుగు బైబిలు చదువును. మనుమడు నాగరిలిపిలో చదువుకొనును. ఆ ఇంటికి ఈ చిత్రము రెండు రూపములలో లభ్యము. తెలుగున ‘కరుణామయుడు’, హిందీలో ‘దయాసాగర్’. హిందీరూపమును డేస్ప్రింగ్ ఇంటర్నేషనల్ అను సంస్థ తరువాతి దశాబ్దములలో ఉత్తరభారత గ్రామములందు ఊరూర తెరకట్టి చూపినది. థియేటరులో టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు, బయలుప్రదేశమున ఉచితముగా చూచిన ప్రేక్షకుడు ఒక్కరు కారు. మొదటివాడు సినిమాకు వెళ్లెను. రెండవవాని యొద్దకు సినిమా వచ్చినది. వచ్చినవారి ఉద్దేశము వానికి ముందే తెలిసియుండును.

రెండు పేర్లను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో అనువాదముయొక్క సూక్ష్మము తెలియును. రెండును సంస్కృతపదములే, రెండును భక్తిపదములే. కాని ‘మయుడు’ అన్నప్పుడు గుణము మనిషియంతట నిండియున్నది. మనిషి మన ఎదుటనే ఉన్నాడు. ‘సాగర్’ అన్నప్పుడు గుణము మనిషిని మించి విస్తరించినది. ఒడ్డున నిలిచి చూడవలసినదయినది. మరియొక భేదము క్రీస్తు అను మాటలోనే కలదు. ఆ మాటకు గ్రీకుమూలమున అభిషిక్తుడని అర్థము. తెలుగున అది కేవలము నామమై, అర్థమును కోల్పోయినది. హిందీ, ఉర్దూలలో దానికి మారుగా వాడు ‘మసీహా’ జీవముగల జాతివాచకము. ఉర్దూ కవులు రోగమును మాన్పు ప్రియజనుని కూడ మసీహా యందురు. బిలాస్‌పూర్‌లోని తాత చెవికి అది మందిరములో వినబడు పేరు. మనుమని చెవికి సినిమాపాటలో కూడ వినబడు మాట. ఒకే ఇంటిలో, ఒకే చిత్రముపై ఇరువురి తొలి అభిప్రాయములు ఎందుకు వేరగునో చెప్పుటకు మతము చాలదు, భాష కావలెను.

ఈ భాషాప్రశ్న తెలుగు సువార్తకు క్రొత్తది కాదు. విశాఖపట్టణమునందలి మిషనరీలు అనువదించిన తొలి సువార్తలు 1812లో సీరాంపూరున అచ్చయినవి. ఆనాటినుండి పలుమారులు సవరింపబడుచు వచ్చిన సువార్తభాష, గ్రాంథికమునకు దగ్గరగా ఉండియు గ్రాంథికము కాని ఒక ప్రత్యేకశాఖగా స్థిరపడినది. దానిని వాడుకచేసికొన్నవారు పండితులు కారు, పల్లెలలోని కూలిజనులు. అది వారి గౌరవభాష. చిత్రము పౌరాణికనాటకపు పలుకుబడిని ఎన్నుకొనుటచే బయటివారికి దగ్గరయినది. ఆ గౌరవభాషనుండి కొంత దూరమయినది. 1979లో అమెరికాలో తయారయి లూకా సువార్తపై ఆధారపడిన ‘జీసస్’ చిత్రము వేయికి పైగా భాషలలోనికి డబ్బింగు చేయబడినది. అందు భాష మారును, దృష్టి మారదు. ‘కరుణామయుడు’ దృష్టినే తెలుగు చేసినది. ఈ ఒక్క కారణమున అది మన అనువాదచరిత్రలో చోటు పొందదగినది.

చిత్రములోని లోపమును చెప్పక విడుచుట విమర్శ కాదు. కరుణను అంగిరసముగా ఎన్నుకొన్న చిత్రము కరుణకు లొంగని మాటలను మెత్తపరచినది. సువార్తలలోని క్రీస్తు ఏడ్పించుటకంటె ఎక్కువగా కలవరపెట్టును. మంచి సమరయుని ఉపమానమును తీసికొనుడు. ‘సమరయుడు’ అను మాట తెలుగువానికి ఒక పేరు మాత్రమే. ఆనాటి శ్రోతలకు అది తాకరాదనుకొన్న జనము. త్రోవలో పడియున్నవానిని పూజారియు లేవీయుడును దాటిపోగా, అంటరానివాడని ఎంచబడినవాడు ఎత్తుకొనెనని చెప్పుట ఊరడింపు కాదు, చెంపపెట్టు. అది తెలుగున నాటుకొనవలెనన్నచో రథమువంటి ఒక పలుకు దానికి కూడ దొరకవలసియుండెను. దొరకలేదు. ఇటలీలో పాసొలీని 1964లో తీసిన మత్తయి సువార్త చిత్రమును దీనితో పోల్చవచ్చును. అందు నటులు వృత్తినటులు కారు. క్రీస్తు వడివడిగా నడచుచు వెనుకకు తిరిగి కఠినముగా మాటలాడును. ఆ క్రీస్తును చూచి ప్రేక్షకుడు నమస్కరింపడు, ఉలికిపడును. తెలుగున ఆ వాడి రెండేండ్ల తరువాత వేరొక త్రోవను వచ్చినది. 1980లో బాపు, రమణల ‘రాజాధిరాజు’ సైతానును నేటి మనుష్యుల నడుమకు దించి వ్యంగ్యమునకు ఎడమిచ్చినది. సైతానుగా నూతన్‌ప్రసాద్‌ను చూచి నవ్వినవారు తమ్ము తాము చూచుకొని నవ్విరి. కరుణ చేయలేని పనిని హాస్యము చేసినది.

అయినను ‘కరుణామయుడు’ చేసినదానిని తక్కువ చేయరాదు. తరువాతి కాలమున విజయచందర్ షిర్డీ సాయిబాబాగను, వేమనగను తెరపై నిలిచెను. ప్రేక్షకులు ఆ ముఖమును కాదనలేదు. క్రీస్తును చూచిన కన్నే వేమనను చూచినది. విగ్రహములను ఎగతాళిచేసిన వేమనకును, సువార్తలోని క్రీస్తునకును గల బంధుత్వమును గూర్చి పండితులు వ్రాయవలసిన వ్యాసమును ప్రేక్షకులు తమ అంగీకారముతో వ్రాసిరి.

ఎడింబరో విశ్వవిద్యాలయమున ఈ చిత్రముపై ఆంగ్లమున డాక్టరేటు పరిశోధన జరిగినది. తెలుగున జరుగవలసిన పని వేరు. 1978లో ఈ చిత్రమును చూచిన యువకులు నేడు డెబ్బదియేండ్లకు చేరువలో నున్నారు. గుంటూరులోను, ఒంగోలులోను, బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణములలోను వారు కలరు. హాలునుండి వెలుపలికి వచ్చుచు ఏమనుకొంటిరని వారిని అడిగి, వారి మాటలోనే వ్రాసికొనవలెను, సవరింపరాదు. హరిశ్చంద్రుడు జ్ఞప్తికి వచ్చెనని ఒకరందురు, మా దేవుడు తెరకెక్కెనని ఒకరందురు, పాటలు మాత్రమే గుర్తున్నవని మరియొకరందురు. ఆ మాటలన్నియు సాహిత్యచరిత్రకు పనికివచ్చునవే. పని వాయిదావేయుటకు కాలము ఎక్కువ లేదు.